ఆ రోజు కొట్టని గంట

అనంతపురం చుట్టుపక్కల కాలేజీల్లో నా ఉపన్యాసం విన్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. చిన్న కంపెనీల్లో సాఫ్ట్‌వేరు పనిని పద్ధతిగా ఎలా చేసుకోవాలో చెప్పమని నన్ను పిలిచేవారు. ఎక్కడికి వెళ్లినా నీళ్ల ట్యాంకర్ల కథ చెప్పేవాణ్ణి. పిల్లలు మొదట నవ్వేవాళ్లు, తర్వాత నిశ్శబ్దమయ్యేవాళ్లు. "చూశారా, టెస్టింగులో ఒక్కటి జారిపోతే ఏమవుతుందో!" అని ముగించి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

ఆ కథలో టెస్టింగులో ఏదీ జారిపోలేదు. తప్పు నేను చేశాను. ఆ మాట ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాత ఏ వేదిక మీదా చెప్పలేదు. మీరు నా దగ్గర తప్పుడు కథ విని వెళ్లారు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

బెంగుళూరులో పెద్ద కంపెనీల్లో చాలా కాలం చేసి, నలభై దాటాక అనంతపురం వచ్చి ఒక చిన్న కంపెనీలో చేరాను. కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. బోరు మోటార్లకు వైండింగు చుట్టే షాపు మీద రెండు గదులు. కింది నుంచి వార్నిష్ వాసన వచ్చేది. శెనక్కాయ మిల్లులకు, డ్రిప్ పైపుల డీలర్లకు, రెండు మూడు నర్సింగ్ హోములకు సాఫ్ట్‌వేరు చేసి ఇచ్చేవాళ్లం. ఓనరు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. కీబోర్డును కూడా పాత టైపు మిషను కొట్టినట్టే కొట్టేవాడు. ఆయన ఒక ఉత్తరం రాస్తుంటే పక్క గదిలో ఫోను మాట్లాడలేకపోయేవాళ్లం. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం.

చేరిన రోజు ఆయన నాతో అన్న మాటలివి: "అప్పా, మావాళ్లు పని బాగా చేస్తారు. యాడ మొదలుపెడతారో, యాడ నిలుపుతారో మాత్రం ఆ దేవునికే తెలియాల. నువ్వు బెంగుళూరులో సూసినోడివి. రోంత దోవలో పెట్టు. ఒక సర్టిఫికెట్టు గూడా వస్తే పెద్ద పనులు దొరుకుతాయంట."

నా పని అదే. కోడు రాయడం కంటే, రాసేవాళ్లకు ఒక పద్ధతి నేర్పడం. ఎవరేం మార్చారు, ఎవరు సరిచూశారు, ఎప్పుడు కస్టమరుకు వెళ్లింది, ఇవన్నీ ఒక వరుసలో జరిగేట్టు చూడటం. అది చక్కగా జరుగుతోందని బయటి ఆడిటరు వచ్చి చూసి ఒప్పుకుంటే సర్టిఫికెట్టు.

ఆ ఆఫీసులో టెస్టరు ఒకే ఒక అమ్మాయి. మేం చేసినదాన్ని కస్టమరుకు పంపేముందు వాడి చూసి, తప్పులు పట్టుకునే పని ఆమెది. గుమ్మఘట్ట దగ్గరి పల్లె. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, రాయదుర్గంలో చదువుకుని వచ్చింది. కోపం వస్తే సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. గొంతు మాత్రం గుట్టకు ఈవల నిలబడి ఆవలి మనిషిని పిలిచే గొంతు. ఒకసారి కస్టమరు ఫోనులో ఉన్నప్పుడు కాస్త మెల్లగా మాట్లాడమన్నాను.

"మా నాయన ఎనకాల గొర్రెలు మేపినదాన్ని సార్. ఈ గొంతు తగ్గించాలంటే యాడ తగ్గుతాది? మీరే ఆ పక్క గదిలోకి పోండి" అంది.

తప్పు దొరికితే దాచుకునేది కాదు, మెల్లగా చెప్పేదీ కాదు. "ఏమన్నా, ఇది నువ్వే రాసినావా, నిద్దర్లో మీ ఇంట్లోవాళ్లు ఎవురన్నా రాసినారా?" అని గది మధ్యలో నిలబడి అడిగేది. ప్రోగ్రామర్లు ఆమెను తిట్టుకునేవాళ్లు. ఆమె సెలవు పెడితే ఏదీ పంపడానికి భయపడేవాళ్లు. అన్నిటికంటే ఆమెకు తెలిసిన విద్య ఒకటుంది. చదువుకున్నవాళ్లు ఎలా వాడతారో అలా కాకుండా, ఒక చేత్తో బస్సు రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో ఫోను నొక్కే మనిషి ఎలా వాడతాడో అలా వాడి చూసేది. నొక్కినదాన్నే మళ్లీ నొక్కేది. పేరు అడిగిన చోట ఊరు పేరు కొట్టేది. "మనం అనుకున్నట్ల ఎవురూ నొక్కరు సార్" అనేది.

ఇక గంట సంగతి.

నేను చేరేసరికి ఆ ఆఫీసులో ఉన్న పద్ధతి ఒక్కటే. కిటికీ ఊచకు ఒక గొర్రెగంట వేలాడేది. ఆ అమ్మాయి ఇంటి నుంచి తెచ్చి కట్టింది. కస్టమరుకు కొత్తగా ఏది పంపాలన్నా, పంపేవాడు ముందు పోయి ఆ గంట కొట్టాలి. అందరూ పని ఆపి అటు తిరుగుతారు. అప్పుడు తనేం మార్చాడో గట్టిగా చెప్పాలి. కోడు మాటలు చెల్లవు. మిల్లు యజమానికి చెబుతున్నట్టు, డీలరుకు చెబుతున్నట్టు మామూలు మాటల్లో చెప్పాలి. ఎవరైనా "ఆగు" అంటే ఆగాలి. ఎవరూ అనకపోతే ఆమె "సరే, పంపు" అంటుంది. గంట మోగినప్పుడల్లా కింద వైండింగు షాపువాళ్లు టీ వచ్చిందనుకుని మెట్ల వైపు చూసేవాళ్లు.

నాకది నవ్వులాటలా కనిపించింది. ఆడిటరు వచ్చి సాఫ్ట్‌వేరు కంపెనీలో గొర్రెగంట చూస్తే ఏమనుకుంటాడు? కంప్యూటరులోనే అన్నీ నమోదయ్యే ఏర్పాటు ఒకటి తెచ్చి పెట్టాను. మార్చినవాడు అందులో రాస్తాడు, టెస్టరు చూసి ఒప్పుకుంటుంది, అప్పుడు పంపడం. టెస్టరు చూశాక ఒక్క అక్షరం మార్చినా మళ్లీ ఆమెకే తిరిగి వెళ్లాలని నియమం పెట్టాను. ఆ నియమం నేనే రాసి, నేనే గోడకు అంటించాను. గంట విప్పి ఆమె చేతికి ఇచ్చాను.

"మంచిది సార్. తీసకపోయి మా గొర్రెలకే కడతా లెండి. అవన్నా ఇంటాయి" అని సంచిలో వేసుకుంది.

ఒకటి చెప్పాలి. నా పద్ధతి చెడ్డది కాదు. దానివల్ల పనులు తెమిలాయి, తగవులు తగ్గాయి. పెద్దాయన మురిసిపోయి వచ్చినవాళ్లందరికీ గోడ మీది కాగితం చూపించేవాడు. దాన్ని అందరూ పాటించారు, ఒక్క రోజు నేను తప్ప.

ఆ వేసవిలో మాకు కొత్త కస్టమరు దొరికాడు. ఊరి బయట రెండు బోర్లు, కొన్ని ట్యాంకర్లు ఉన్న ఒక భాయ్. కొళాయిలు లేని చివరి కాలనీలకు ఎండాకాలమంతా ఆయన ట్యాంకర్లే దిక్కు. జనం ఫోనులో బుక్ చేస్తే, ఏ డ్రైవరు ఏ ఇంటికి పోవాలో వరసగా చూపించే సాఫ్ట్‌వేరు చేసిచ్చాం. బాగా నడిచింది. భాయ్ మాకు దానిమ్మకాయలు పంపేవాడు. "ఇంతకు ముందు నాకు ఫోను మోగితే గుండె దడ. ఇప్పుడు హాయిగా నిద్ర పోతాండా" అనేవాడు.

ఆడిటరు వచ్చే వారానికి ముందు వారం. ఆ అమ్మాయి పొద్దునే వచ్చి, ట్యాంకర్ల సాఫ్ట్‌వేరులో మేం చేసిన మార్పులన్నీ వాడి చూసి, బాగున్నాయని ఒప్పుకుంది. వాళ్ల ఊర్లో జాతర. మధ్యాహ్నం బస్సుకు వెళ్లడానికి సెలవు అడిగింది. సాయంత్రం వాటిని పంపే పని నాకు ఒప్పజెప్పి వెళ్లింది.

ఆమె వెళ్లాక భాయ్ ఫోను చేశాడు. "సార్, నీళ్లు రాలేదని జనం మళ్లా మళ్లా నొక్కుతాండారు. ఒకే ఇంటికి రెండు బండ్లు పోతాండాయి. డీజిలు ఎవురిస్తారు సార్? రేపటికి సరి చేయండి, మీకు పున్నెముంటాది."

చిన్న పని అనిపించింది. ఒకే ఫోను నంబరు నుంచి ఒకే రోజు ఎన్ని బుకింగులు వచ్చినా వాటిని ఒకటిగా కలిపేస్తే సరి. నాలుగు వరసలు రాశాను. నా నియమం ప్రకారం అది ఆమె తిరిగొచ్చేదాకా ఆగాలి. ఆగితే రెండు రోజులు. భాయ్ మంచివాడు, పని చిన్నది, బెంగుళూరులో ఇంతకన్నా పెద్దవి చేసిన చెయ్యి నాది. ఆమె సరిచూసిన మార్పులతో పాటే దాన్నీ కలిపి పంపేశాను. కంప్యూటరులో నమోదు చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ గంట కిటికీకి ఉండి ఉంటే, దాన్ని కొట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చేది. ఆ గదిలో ఉన్న ఎవరో ఒకరు తప్పకుండా "ఆగు" అనేవాళ్లు. ఎందుకంటే నేను తప్ప అందరికీ తెలిసిన సంగతి అది. ఆ కాలనీల్లో వీధికంతా బుకింగు ఒక్క ఫోను నుంచే జరుగుతుంది. అంగడి నడిపే ఆమెకో, ఆటో తోలే అతనికో చెబితే, వాళ్లు తమ ఫోనులోంచి ఇంటింటికీ విడివిడిగా బుక్ చేస్తారు. నంబరు ఒకటే, ఇళ్లు వేరు.

మర్నాడు పొద్దున ఒక వీధికంతటికీ ఒక్క ట్యాంకరు పోయింది. బిందెలు, డ్రమ్ములు పట్టుకుని అందరూ కాచుకుని ఉన్నారు. ఒక ఇంట్లో పెళ్లి వంట. బియ్యం కడగడానికి నీళ్లు లేక వంటవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇంకో బండి రాదని డ్రైవరు చెప్పగానే వీధి అతని మీద విరుచుకుపడింది. ఎవరో విసిరిన బిందె తగిలి తల పగిలింది. కుట్లు పడ్డాయి.

భాయ్ నేరుగా మా మెట్లెక్కి పెద్దాయన ముందు నిలబడ్డాడు. "అన్నా, నీ సాఫ్ట్‌వేరు లేనప్పుడు నా టైర్లు పగుల్తాండె. ఇప్పుడు నా డ్రైవరు నెత్తి పగిలినాది! ఏమని చెప్పాల వాని పెండ్లానికి? కంప్యూటరు కొట్టింది అని చెప్పాల్నా?"

పెద్దాయన ముఖం పాలిపోయింది. ఆయనే ఆ అమ్మాయికి ఫోను చేసి రమ్మన్నాడు. దొరికిన తొలి బస్సుకు వచ్చింది. జాతర కుంకుమ నుదుటి మీద అలాగే ఉంది. ఆలోపు నేను ఏం జరిగిందో కనుక్కుని, ఆ నాలుగు వరసలు తీసేసి, ట్యాంకర్లను మళ్లీ నడిపించాను. ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు.

"ఇది బయటికి ఎట్ల పోయింది?" అన్నాడు పెద్దాయన.

"టెస్టింగులో జారిపోయిందండీ" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని. "నేను సూసిన దాంట్లో ఇది ఉండిందా సార్?"

ఒక్క క్షణం సమయం దొరికింది నాకు. వారంలో ఆడిటు. నియమాలు పెట్టినవాడే నియమం తప్పాడని తెలిస్తే, సర్టిఫికెట్టు ఏమవుతుంది, నన్ను నమ్మిన పెద్దాయన ఏమవుతాడు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేనేమవుతానో అని భయపడ్డాను.

"ఉండింది" అన్నాను.

ఆమె వాదించలేదు. ఎప్పుడూ గది దద్దరిల్లేలా మాట్లాడే మనిషి, చాలా చిన్న గొంతుతో అంది: "మా అమ్మ గూడా పక్కింటి ఫోను నుంచే కదా అన్నీ చేసుకునేది. ఇది నాకు తట్టకపోయిందే!" అని కూర్చుండిపోయింది.

అప్పటికీ ఊరుకోలేదు ఆమె. డ్రైవరును చూసి వస్తానంది. నా స్కూటరు మీదే ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో అరటిపండ్లు కొంది. లోపల మంచం పక్కన నిలబడి, "అన్నా, నావల్లనే అయింది. సూడకుండా సరే అనేసినా" అని చెబుతుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. తలకు కట్టు కట్టుకున్న ఆ డ్రైవరు, "పోనీలే పాపా, నీళ్ల కాడ ఇవన్నీ మామూలే. ఆ బిందె మాత్రం స్టీలుదైపోయింది, పలాస్టికుదైతే బాగుండు" అని ఆమెను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. నేను మాత్రం పెదవి కదిలించాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

సర్టిఫికెట్టు వచ్చింది. పెద్దాయన ఫ్రేము కట్టించి, పూలదండ వేసి, వైండింగు షాపువాళ్లకు కూడా లడ్డూలు పంచాడు. కానీ ఆ అమ్మాయి మునుపటి మనిషి కాదు. చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూసేది. "సరే" అనడానికి నోరు రాకుండా పోయింది. "ఇంగొక్కసారి సూస్తా" అనేది. పనులు ఆగిపోయేవి. ఏ తప్పు దొరికినా ప్రోగ్రామరును ఏడిపించే గొంతు మూగబోయింది. పెద్దాయన ఆమెను ఫోన్లు ఎత్తే పనికి మార్చాడు. కొన్ని నెలలకు మానేసి వెళ్లిపోయింది. వీడ్కోలుకు మిక్చరు, కూల్‌డ్రింకు తెప్పించాం. పద్ధతి గురించి నా దగ్గర చాలా నేర్చుకున్నానని అందరి ముందూ చెప్పింది.

ఆ తర్వాతే నాకు పేరు వచ్చింది, కాలేజీలు పిలవడం మొదలైంది. నన్ను నేను కాపాడుకోవడానికి ఒక్కసారి చెప్పిన అబద్ధం, ఉపన్యాసంలో ఉదాహరణ అయి కూర్చుంది. చెప్పగా చెప్పగా నాకే నిజంలా వినబడేది.

పోయినేడు ఒక కాలేజీలో ఉపన్యాసం ముగిశాక, వెనక వరసలోని ఒక అమ్మాయి లేచింది. "సార్, ఆ టెస్టరు ఇప్పుడేం చేస్తాండారు సార్?"

ఏండ్ల తరబడి ఆమె కథ చెప్పుకు బతుకుతున్నాను. ఆమె ఎక్కడ ఉందో కనుక్కోలేదు. ఆ రోజు శాలువా తీసుకోకుండా వచ్చేశాను. మళ్లీ ఏ కాలేజీకీ వెళ్లలేదు.

పెద్దాయన దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. పాపం, కంటి ఆపరేషను చేయించుకుని నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు.

"నాకప్పుడే అనుమానమప్పా. ఆ పాప అట్లాంటిది ఇడిసిపెట్టే మనిషి కాదు. అడిగితే నువ్వు నిజం చెప్తావేమోనని అడగలేదు. సర్టిఫికెట్టు మీద ఆశ నాకు గూడా ఉండె." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కదిరిలో ఉండాది. బస్టాండు కాడ నెట్ సెంటరు పెట్టుకోనుండాది. పోయి చెప్పు. నా మాట గూడా చెప్పు."

కదిరి వెళ్లాను. బస్టాండు పక్క సందులో చిన్న షాపు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఒక రైతు ఏదో దరఖాస్తు పెట్టించుకుంటున్నాడు. ఆమె అతని పేరు, తండ్రి పేరు, పొలం వివరాలు చదివి వినిపించింది. మళ్లీ చదివింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"ఏమ్మా, పరీచ్చకు సదువుతాండావా? బస్సు పోతాది, నొక్కు తల్లీ" అన్నాడు రైతు.

"ఒక్కసారి నొక్కితే మల్లా రాదు తాతా. ఇంగొక్కసారి ఇను" అంది.

ఆ మాటలు విని గుమ్మంలోనే ఆగాను. ఆమే నన్ను చూసింది. "అయ్యో, బెంగుళూరు సార్!" అని లేచి, కుర్చీ తుడిచి, ఎదురుగా ఉన్న బండి నుంచి నిమ్మ సోడా తెప్పించింది. గొంతులో మునుపటి జోరు కొంచెం ఉంది. బల్ల మీద, గాలికి కాగితాలు ఎగరకుండా బరువు పెట్టిన వస్తువు చూశాను. అదే గొర్రెగంట.

ఆడిటు ఒత్తిడి గురించి, అప్పటి పరిస్థితుల గురించి మొదలుపెట్టాను. ఆమె అయోమయంగా వింది. చివరికి నా మాటల మీద నాకే వెగటు పుట్టి, "ఆ మార్పు నువ్వు చూసినదాంట్లో లేదు. నువ్వు బస్సెక్కాక నేను కలిపాను" అన్నాను.

ప్రింటరు ఒక కాగితం బయటికి నెట్టింది. ఆమె తీసుకోలేదు.

"లేదా?"

"లేదు."

"ఆ పొద్దు ఏ బటను తర్వాత ఏది నొక్కినానో ఎన్నిసార్లు తలుసుకున్యానో తెలుసునా సార్ మీకు? యాడ ఇడిసిపెట్నానని? పండుకున్యాక గూడా అదే. మా ఆయన కసురుకునేవాడు. మీరు నన్ను పనిలోంచి తీసేసింటే తిట్టుకోని మర్సిపోయింటి. నన్ను నేనే నమ్మకుండా చేసినారే!" గొంతు పెరిగింది. సందులో పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆ గొంతు మళ్లీ వినడం నాకు బాధగానూ ఉంది, ఎందుకో సంతోషంగానూ ఉంది. "ఆ డ్రైవరన్నకు నేను పండ్లు ఇస్తాంటే మీరు వాకిట్లో నిలబడినారు గదా సార్?"

"నిలబడినాను."

కాగితాల మీది గంట తీసి, నా ముందుకు తోసింది.

"ఆ పొద్దు కొట్టలేదు గదా. ఇప్పుడు కొట్టండి. ఏం మార్చినారో చెప్పండి. అందరికీ ఇనపడాల."

రైతు ఉన్నాడు, సోడా తెచ్చినతను ఉన్నాడు, జిరాక్సుకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. లేచి నిలబడి గంట కొట్టాను. అందరూ నా వైపు తిరిగారు.

"ఒకే ఫోను నుంచి వచ్చిన నీళ్ల బుకింగులన్నీ ఒకే ఇంటివని అనుకోని, ఒకటిగా కలిపేసినాను. ఈమె అంతా సూసి, సరే అని ఊరికి పోయినాక కలిపినాను. ఈమెకు సూపలేదు, ఎవురికీ చెప్పలేదు. వీధికి నీళ్లు పోకపోవడం, డ్రైవరు తల పగలడం నావల్ల. అడిగితే, ఈమె సూసినదాంట్లోనే ఉండిందని అబద్ధం చెప్పినాను. ఈమె ఏదీ ఇడిసిపెట్టలేదు." ఆమె వైపు తిరిగాను. " నీ ఎదురుగా చెప్పాల్సింది ఆరేండ్లు చెప్పకుండా ఉండినాను. నన్ను క్షమించమ్మా."